అటక ఎక్కి చూడనిదే అక్షరం రాయను

ఇంటి ఎనర్జీ రేటింగులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలి తగ్గి చెట్లు చిగురించడం మొదలైతే చాలు, ఇంగ్లండ్‌లో ఇళ్ల ముందు అమ్మకం బోర్డులు లేస్తాయి. ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఆ ఇళ్ల గురించే. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. ఇక్కడ ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఎనర్జీ సర్టిఫికెట్ ఉండాలి. అందరూ ఈపీసీ అంటారు. ఇంటిని వెచ్చగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో చూసి మార్కులు వేసి, ఆ మార్కులను బట్టి ఏ నుంచి జీ వరకు ఒక అక్షరం ఇస్తారు. 92, ఆపైన వస్తే ఏ. 20, అంతకన్నా తక్కువైతే జీ. ఆ మార్కులు వేయడమే పన్నెండేళ్లుగా నా పని. పుట్టి పెరిగింది కాకినాడ, ఉంటున్నది రెడింగ్.

ప్రశ్న: అక్కా, మాది స్లౌలో 1930ల నాటి ఇల్లు, పక్కింటితో ఒక గోడ కలిసి ఉంటుంది. పాప చదువు కోసం వేరే ఊరు వెళ్తున్నాం, ఇల్లు అమ్మకానికి పెట్టాం. 2017లో తీయించిన ఈపీసీలో 58 మార్కులు, డి అక్షరం వచ్చాయి. కొనడానికి వచ్చినవారు ‘డి కదా, 8,000 పౌండ్లు తగ్గించండి’ అంటున్నారు. ఏజెంటేమో గ్యాసు బాయిలర్ బదులు కరెంటుతో ఇంటిని వెచ్చబెట్టే హీట్ పంప్ పెట్టిస్తే సి వస్తుందని చెబుతున్నాడు. మేం 2019లో అటకలో చలిని ఆపే ఇన్సులేషన్ వేయించాం, 2021లో బాయిలర్ మార్చాం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, స్లౌ

జవాబు: చెల్లెమ్మా, ధర తగ్గించవద్దు, హీట్ పంపూ పెట్టించవద్దు. ముందు కొత్త సర్టిఫికెట్ తీయించండి.

ఈపీసీ పదేళ్లు చెల్లుతుంది కాబట్టి చట్టం దృష్టిలో మీ పాత కాగితానికి ఏ లోపమూ లేదు. కానీ అది 2017 నాటి ఇంటిని చూపిస్తోంది. ఆ తర్వాత మీరు పెట్టిన ఖర్చు, పడిన శ్రమ అందులో ఒక్క మార్కుగా కూడా లేవు. అమ్మేది ఇప్పటి ఇంటిని, చూపిస్తున్నది పాత ఇంటి కాగితాన్ని. సర్టిఫికెట్ తీయించడానికి 60 నుంచి 120 పౌండ్లు అవుతుంది. 8,000 పౌండ్ల బేరం ముందు ఆ ఖర్చుకు వెనకాడకండి.

అయితే నాలాంటి వాళ్లు వచ్చే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. మేం కళ్లతో చూసినదీ కాగితంతో రుజువైనదీ తప్ప ఇంకేమీ రాయకూడదు. మీరు ఎంత నిజాయితీగా చెప్పినా మాట మీద మార్కు వేయడానికి మాకు అధికారం లేదు. చూడలేకపోతే, ‘ఫలానా కాలంలో కట్టిన ఇల్లు కాబట్టి ఇలా ఉంటుంది’ అనే మామూలు లెక్క వేసి ముందుకు వెళ్లాలి. మీ ఇంటిది 1930 నుంచి 1949 వరకు కట్టిన ఇళ్ల కోవ. ఆ లెక్కలో మీరు వేయించిన ఇన్సులేషన్ ఎక్కడా కనిపించదు.

రెండేళ్ల కిందట ఒక తెలుగువారింటికి వెళ్లాను. ఆ దంపతులు అటకలో ఇన్సులేషన్ బాగా వేయించామని గుమ్మంలోనే సంతోషంగా చెప్పారు. నిచ్చెన వేసుకుని అటక తలుపు తోస్తే అది లేవలేదు. సందులోంచి టార్చి వేస్తే మొత్తం సూట్‌కేసులే. ఇండియా నుంచి తెచ్చినవి, మళ్లీ వెళ్లేటప్పటికి కావాలని దాచినవి. పక్కనే పాత గ్రైండరు పెట్టె, బొమ్మల కొలువు మెట్లు, ఆవకాయ జాడీలు వచ్చిన అట్టపెట్టెలు. ఆయన పైకెక్కి ఒక్కొక్కటే కిందికి అందించారు, ఆవిడా నేనూ అందుకుని పడకగదిలో పేర్చాం. గంట పట్టింది. చివరికి నేను టేపు పెట్టి కొలిస్తే దూలాల మధ్య పసుపుపచ్చని దూదిలాంటి ఆ పరుపు అంచుల్లో 270 మిల్లీమీటర్లు ఉంది. అంటే ఇక్కడ సిఫారసు చేసే మందమే. సూట్‌కేసులు కూర్చున్న చోట మాత్రం అది నలిగి అరచేతి మందాన మిగిలింది. చలిని ఆపేది ఆ పీచు మధ్య చిక్కుకున్న గాలి. బరువు పెట్టి ఆ గాలిని పిండేస్తే పెట్టిన డబ్బులో సగం పోయినట్టే.

అందుకే చెబుతున్నాను. అటక తలుపు తెరుచుకునేలా చూడండి, సామాను దించండి. ఇన్సులేషన్ వేసిన వారి బిల్లు, గ్యారంటీ కాగితం వెతికి ఒక ఫైలులో పెట్టండి. బాయిలర్ ముందున్న మూత మీద మోడల్ పేరు చెరిగిపోకుండా ఉందో లేదో చూడండి. ఆ పేరుతోనే మేం దాని సామర్థ్యాన్ని జాబితాలో వెతుకుతాం. రేడియేటర్లకు వేడిని తగ్గించి పెంచే మరలు, గోడకు థర్మోస్టాట్ ఉంటే వాటికీ మార్కులున్నాయి. ఎక్కడైనా పాత బల్బులు మిగిలి ఉంటే ఎల్ఈడీలు పెట్టండి.

రెండు గాజుపలకల కిటికీలున్నాయా? ఆ రెండు పలకల మధ్య అంచున సన్నని లోహపు పట్టీ ఉంటుంది. దాని మీద చాలాసార్లు తయారైన సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2002కు ముందు పెట్టినవాటికి ఒక లెక్క, ఆ తర్వాత పెట్టినవాటికి ఇంకో లెక్క. నేను ప్రతి ఇంట్లో ఆ పట్టీ దగ్గర తల వంచి చదువుతాను. ఇంటివాళ్లు అద్దం మీద మరకలున్నాయేమోనని కంగారు పడతారు, అలా పడనక్కర్లేదు.

ఇక గోడలు. 1930ల ఇళ్లలో చాలావాటికి రెండు ఇటుక వరసల మధ్య ఖాళీ వదిలి కట్టిన జంట గోడలుంటాయి. బయటికి వెళ్లి ఇటుకల మధ్య సిమెంటు గీతలను దగ్గరగా చూడండి. రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చలు క్రమంగా వరసలో కనిపిస్తే, ఎవరో ఎప్పుడో రంధ్రాలు చేసి ఆ ఖాళీలో ఇన్సులేషన్ నింపించారని అర్థం. అమ్మేవాళ్లకే తెలియని ఇలాంటి మచ్చలు నాకు ఎన్నోసార్లు దొరికాయి. పాత సర్టిఫికెట్ రాసినవారు తీగలు పాకిన గోడ వెనక వాటిని చూడకుండా వదిలేసి ఉండవచ్చు.

డి అంటే 55 నుంచి 68, సి అంటే 69 నుంచి 80. మీకు 11 మార్కులు కావాలి. వస్తాయని నేను చూడకుండా చెప్పలేను. రాకపోయినా భయపడకండి. ఇంగ్లండ్‌లోని పాత ఇళ్లలో డి చాలా మామూలు అక్షరం. కొనడానికి వచ్చినవారికి అది తెలుసు, మీకు తెలియదనుకుని అడుగుతున్నారు. సర్టిఫికెట్‌లో ఇంకేమేం చేస్తే ఎన్ని మార్కులు పెరుగుతాయో, దానికి సుమారుగా ఎంతవుతుందో పట్టిక ఉంటుంది. బేరమాడాల్సి వస్తే దాన్ని ముందుంచుకుని మాట్లాడండి. ఏ పనికి 8,000 అవుతుందో వారినే చూపించమనండి.

హీట్ పంప్ గురించి నా అభిప్రాయం దాచుకోను. అది మంచి యంత్రం. ఆ ఇంట్లో ఇంకా పదేళ్లు ఉండేవారికి నేను గట్టిగా సిఫారసు చేస్తాను, ప్రభుత్వం 7,500 పౌండ్ల సాయం కూడా ఇస్తోంది. కానీ ఈపీసీ అక్షరం ప్రధానంగా ఇంటిని వెచ్చగా ఉంచడానికి అయ్యే ఖర్చు మీద ఆధారపడుతుంది. ఇక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాసు యూనిట్ కంటే దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల మంచి గ్యాసు బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టినా మార్కులు పెద్దగా పెరగకపోవచ్చు. వెళ్లిపోయే ముందు అక్షరం కోసం అంత పని పెట్టుకుంటే గోడలు పగిలి, తోట తవ్వి, అమ్మకం నెలల తరబడి ఆగిపోతుంది.

ప్రశ్న: నమస్కారం మేడం. ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. మా ఇంట్లో అత్తగారు, మామగారు ఉన్నారు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్లీ వంట. పొయ్యి ఆరదు. ఈపీసీ కోసం అధికారి వచ్చినప్పుడు ఇదంతా చూసి మార్కులు తగ్గిస్తారా? కరెంటు, గ్యాసు బిల్లులు దాచిపెట్టాలా?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: వంట ఆపవద్దు, బిల్లులూ దాచవద్దు. మేం బిల్లులు అడగం. మీరు ఎలా బతుకుతున్నారన్నది ఈపీసీ లెక్కలోకి రాదు. ఇంటి వైశాల్యాన్ని బట్టి ఇంతమంది ఉంటారు, ఇన్ని గంటలు ఇంత వెచ్చగా పెట్టుకుంటారు అని అన్ని ఇళ్లకూ ఒకే కొలత. మీరు ఆరుగురున్నా, పక్కింట్లో ఒక్క పెద్దావిడ ఉన్నా, ఇళ్లు ఒకేలా ఉంటే అక్షరం ఒకటే. నాకు బిల్లు తక్కువ వస్తోంది కాబట్టి రేటింగు బాగుండాలి కదా అని అడిగేవారికీ ఇదే జవాబు. రెండు గదుల్లో హీటింగు ఆపేసి దుప్పట్లు కప్పుకుంటే బిల్లు తగ్గుతుంది, ఇల్లు మాత్రం మారదు.

అయితే వంటింటి ఆవిరి గురించి ఒకటి చెప్పాలి, ఇది నా రేటింగుకు సంబంధించినది కాకపోయినా మీ అమ్మకానికి సంబంధించినది. ఇడ్లీపాత్ర ఆవిరి, ఉడికే పప్పు, ఇంట్లోనే ఆరేసిన బట్టలు అన్నీ కలిసి చలికాలంలో చల్లటి గోడను వెతుక్కుని వెళ్లి అక్కడ నీరవుతాయి. బీరువా వెనక మూలలో నల్లటి బూజు మొదలవుతుంది. ఇల్లు చూడటానికి వచ్చినవారు నా సర్టిఫికెట్ చదవకపోవచ్చు, ఆ మూల మాత్రం తప్పకుండా చూస్తారు. పొయ్యి పైనున్న ఫ్యాను గాలిని బయటికి పంపుతోందో, లేక జల్లెడ పట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతోందో చూసుకోండి. చాలా ఇళ్లలో రెండో రకమే ఉంది. అలాంటప్పుడు మూత పెట్టి వండండి, వంటయ్యాక పది నిమిషాలు కిటికీ తెరవండి.

ప్రశ్న: అండీ, నేను ఈస్ట్ రెడింగ్‌లో ఒక పాతకాలపు వరస ఇల్లు చూశాను. 1890ల్లో కట్టినదట, ఎర్ర ఇటుక, చాలా అందంగా ఉంది. రేటింగు ‘ఈ’ అక్షరం, 41 మార్కులు. కొన్నేళ్లుండి తర్వాత అద్దెకివ్వాలని ఆలోచన. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదువుతుంటే నాకు మా మొదటి ఇల్లు గుర్తొచ్చింది. 2009 జనవరిలో కొన్నాం, మీరు చూసిన చోటికి నడిచి వెళ్లేంత దూరం. అప్పట్లో అమ్మేవాళ్లు కొనేవారికి ఒక కాగితాల కట్ట ఇవ్వాలని నియమం ఉండేది. 2007లో ఈపీసీ మొదలైందీ ఆ కట్టలో భాగంగానే. 2010లో కట్ట పోయింది, ఈపీసీ మిగిలింది. మాకూ ఆ కట్ట ఇచ్చారు. అందులో పచ్చ నుంచి ఎరుపు దాకా రంగుల బాణాలున్న కాగితం ఒకటుంది. దానికి అర్థమేమిటని ఏజెంటును అడిగితే, లాంఛనమేనండీ అన్నాడు. మేం సంతకాలు పెట్టేశాం.

తర్వాతి చలికాలం మా పాప గదిలో ఉత్తరం వైపు గోడ తాకితే ఐసు ముక్క తాకినట్టుండేది. డిసెంబరుకల్లా మంచం తల దగ్గర గోడకాగితం ఉబ్బింది. చింపి చూస్తే వెనకంతా నలుపు. పాపకు దగ్గు ఫిబ్రవరి దాకా తగ్గలేదు. అప్పుడు ఆ కాగితాల కట్ట తీసి బల్ల మీద పరిచి చదివాను. ‘గోడలు: ఘనమైన ఇటుక, ఇన్సులేషన్ లేదు’ అని రెండో పేజీలో స్పష్టంగా ఉంది. ఎవరో నాకోసం రాసిపెట్టారు, నేను చదవలేదు. ఈ పని నేర్చుకోవాలని నిర్ణయించుకున్నది ఆ రాత్రే.

అందుకని మీరు ఆ సర్టిఫికెట్ మొదటి పేజీలో ఆగకుండా రెండో పేజీ చదవండి. ఇంగ్లండ్‌లో ఏ ఇంటి ఈపీసీ అయినా ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, చిరునామా ఉంటే చాలు. పక్క ఇళ్లవి కూడా చూడండి. అదే వరసలో అదే కాలంలో కట్టిన ఇంటికి డి గానీ సి గానీ వచ్చి ఉంటే, ఏం చేయించారో అక్కడే రాసి ఉంటుంది. ఆ తలుపు తట్టి అడిగినా తప్పు లేదు.

గోడ ఎలాంటిదో మీకు మీరే తెలుసుకోవచ్చు. జంట గోడలో సాధారణంగా ఇటుకలన్నీ పొడవు వైపే బయటికి కనిపిస్తాయి. మీరు చూసిన ఇంటికి ఒకటి పొడవుగా, ఒకటి అడ్డంగా కనిపిస్తూ ఉంటుంది. రెడింగ్‌లో ఎరుపు ఇటుకల మధ్య బూడిద రంగు ఇటుకలతో ముగ్గులా అల్లిన గోడలు మీకు నచ్చే ఉంటాయి. ఆ అల్లిక వచ్చిందే అడ్డ ఇటుక గోడ లోపలిదాకా వెళ్లడం వల్ల. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి రంధ్రం చేసి నింపడం కుదరదు. లోపలి వైపు పలకలు బిగించాలి, గది నాలుగు అంగుళాలు తగ్గుతుంది. బయటి వైపు బిగిస్తే ఆ ముగ్గు మూసుకుపోతుంది. రెండూ ఖరీదైన పనులే. కానీ అన్ని గోడలకూ ఒకేసారి చేయించాలని లేదు. మేం ముందు పాప గదికి చేయించాం, మిగతావి ఏళ్ల మీద.

అద్దె సంగతి. 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దె ఒప్పందాలకూ, 2020 ఏప్రిల్ నుంచి అన్నిటికీ కనీసం ‘ఈ’ అక్షరం ఉండాలి. ఎఫ్, జీ ఇళ్లను మినహాయింపు పొంది ఉంటే తప్ప అద్దెకివ్వకూడదు. ‘ఈ’ అంటే 39 నుంచి 54, మీ ఇల్లు 41 దగ్గరుంది. అంచు మీద కూర్చుంది. ఆ కనీస గీతను సీకి పెంచాలన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. కాబట్టి ‘ఈ’ అక్షరం ఉంది కదా, చాలు అనుకుని కొనకండి. సీ దాకా తీసుకెళ్లడానికి ఎంతవుతుందో లెక్క వేసి, ఆ లెక్కతో ధర మాట్లాడండి. పై ఉత్తరంలో స్లౌ చెల్లెమ్మకు ధర తగ్గించవద్దన్నాను, మీకు తగ్గించమని అడగమంటున్నాను. రెండు ఇళ్లూ ఒకటి కాదు. అక్కడ డబ్బు పెట్టేశారు, కాగితం పాతది. ఇక్కడ కాగితం నిజం, డబ్బు ఇంకా పెట్టాలి.

ఇంకొకసారి ఇల్లు చూడటానికి వెళ్తే ఎండ ఉన్న రోజు వెళ్లకండి. చలి రోజున వెళ్లి, హీటింగు ఎంతసేపటి నుంచి వేసి ఉందో అడిగి, ఉత్తరపు గోడకు అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టండి.

ప్రశ్న: అమ్మాయీ, మా అబ్బాయి బ్రిటన్‌లో ఉంటాడు, మీ శీర్షిక వాడే పంపిస్తాడు. మేం విజయవాడలో ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో ఫ్లాటు కొనాలనుకుంటున్నాం. ఫ్రిజ్‌కీ ఏసీకీ నక్షత్రాలుంటాయి కదా, ఇంటికీ ఉంటాయా? ఒక బిల్డరు ‘గోల్డ్ రేటింగు’ అని బ్రోచరులో వేశాడు. నమ్మవచ్చా?
— ఒక పెద్దాయన, విజయవాడ

జవాబు: బాబాయి గారూ, ఉన్నాయి. ఏసీల మీద నక్షత్రాలు వేయించే బీఈఈ సంస్థే 2019లో ఇళ్లకు కూడా ఒకటి నుంచి ఐదు నక్షత్రాల పథకం మొదలుపెట్టింది. ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు కావాలన్నదే దానికి ఆధారం. కానీ అది ఇష్టమైతే తీసుకునేది. ఇక్కడిలా ప్రతి అమ్మకానికీ తప్పనిసరి కాదు. మీ విజయవాడ ఇంటికి కొనేవారు అడగరు, మీరు చూపించనక్కర్లేదు.

బిల్డరు చెప్పిన గోల్డ్ బహుశా ఐజీబీసీ, అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వారిది. ఆ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన అక్కడి గ్రీన్ బిజినెస్ సెంటర్, అమెరికా వారి ‘లీడ్’ రేటింగులో ప్లాటినం తెచ్చుకున్న, అమెరికా బయటి తొలి భవనం. ఐజీబీసీది మంచి పేరున్న రేటింగే. మీరు రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అందులో కరెంటు ఒక్కటే కాదు, నీళ్లు, స్థలం, వాడిన సామగ్రి అన్నిటికీ మార్కులుంటాయి. గోల్డ్ వచ్చినంత మాత్రాన మీ ఫ్లాటు చల్లగా ఉంటుందని కాదు. రెండోది ముఖ్యం. కట్టక ముందు నమూనాలు చూసి ఇచ్చే ముందస్తు సర్టిఫికెట్ వేరు, కట్టడం పూర్తయ్యాక ఇచ్చేది వేరు. బ్రోచరులో ఏది ఉందో అడగండి. రెండోది ఉంటే నకలు ఇమ్మనండి.

నక్షత్రం లేకపోయినా చూడదగిన కొలతలున్నాయి. ఎకో నివాస్ సంహిత పేరుతో 2018లో కేంద్రం తెచ్చిన నియమావళి ప్రకారం, గోడలూ కిటికీలూ కలిసి లోపలికి రానిచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. తెరుచుకునే కిటికీల వైశాల్యం హైదరాబాద్ వాతావరణంలో నేల వైశాల్యంలో ఎనిమిదో వంతు, ఉక్కపోత ఉండే కోస్తాలో ఆరో వంతు ఉండాలి. మొదటి లెక్క బిల్డరు ఇంజనీరును అడగాలి. రెండోది మీరే టేపుతో కొలవవచ్చు. జరిపే కిటికీలో సగమే తెరుచుకుంటుంది, ఆ సగాన్నే లెక్కించండి.

పై అంతస్తు తీసుకుంటే కప్పు సంగతి తప్పకుండా అడగండి. 2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, తెల్లటి పూతలూ పలకలూ వేసి ఎండను తిప్పికొట్టడం గురించి. మా కాకినాడ ఇంట్లో తాతయ్య ప్రతి మార్చిలో డాబాకు చిక్కటి సున్నం వేయించేవారు. నాయనమ్మ పొద్దు గూకాక బిందెలతో నీళ్లు చల్లితే సిమెంటు బుసలు కొట్టేది. అప్పటికి సూర్యుడు దిగి గంటైనా లోపల గదిలో పడుకోలేకపోయేవాళ్లం. కాంక్రీటు కప్పు పగలంతా వేడి తాగి సాయంత్రం కిందికి వదులుతుంది. అందుకే అమ్మేవాళ్లు ఫ్లాటును ఉదయం పది గంటలకు చూపిస్తారు.

మీరు మే నెలలో సాయంత్రం ఆరింటికి వస్తామని చెప్పండి. పిన్నిని కూడా తీసుకెళ్లండి. ఏసీ వేయవద్దని చెప్పి, పడమటి గదిలో కుర్చీ వేసుకుని అరగంట కూర్చోండి. ఏమనిపించిందో నాకు రాయండి, వచ్చే నెల ముందు మీ ఉత్తరమే తీసుకుంటాను.